కొట్టు లేని షావుకారు

చింతూరు వారపు సంతలో గంప, కాటా, పెట్టుబడి ఏవీ లేకుండా కడుపు నింపుకుని పోయే పెద్దమనిషి ఊరకాకి. నల్లకోటు, మెడచుట్టూ బూడిదరంగు పట్టీ. నడకలో తొందరుండదు. శబరి ఒడ్డు పల్లెల నుంచి, గుట్టల మీది నుంచి కోయలు కోళ్లు, చింతపండు దింపుతారు. ఎండుచేపల వాళ్లు గోనెలు పరుస్తారు. ఈయన చేపల మీదికి నేరుగా రాడు. నాలుగడుగుల అవతల వాలి, మెడ ఓ పక్కకు వంచి, ముందు అమ్మేమనిషిని చూస్తాడు. ఆమె చిల్లర లెక్కకు తల వంచిందా, గోనె అంచున రెండు మెత్తళ్లు మాయం. తలెత్తిందా, ఈయన మబ్బులు చూసుకుంటూ ఉంటాడు. అందరూ దొంగతనమనేసి ఊరుకుంటారు గానీ, నాకు ఇందులో కనిపించేది మనిషిని చదివే చదువు. కాకి తెలివికి కొలబద్ద అక్కడుంది.

ఆకలికి అంత బిరుదెందుకు, కోడి మాత్రం గింజ దగ్గరికి రావడం లేదా అనొచ్చు. వస్తుంది. కాకి గింజతోపాటు చల్లినవాడి ముఖం కూడా గుర్తుపెట్టుకుంటుంది. 2006లో సియాటిల్‌లో పక్షిశాస్త్రవేత్త జాన్ మార్జ్‌లఫ్ బృందం ఆదిమానవుడి ముసుగు తగిలించుకుని కొన్ని కాకుల్ని పట్టి వదిలింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఆ ముసుగు కనబడితే చాలు, కాకిగోల. ఆనాడు వలలో పడని కాకులూ తిట్లందుకున్నాయి. అవి అమెరికా కాకులు కదా అన్న అభ్యంతరం సబబే. కానీ మన ఊరకాకికి ఈ విద్య ఇంకా అవసరం: మనుషుల్లేని చోట దానికి బతుకే లేదు, దట్టమైన అడవి బొంతకాకిది. ఇక 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో తీగను కొక్కెంగా వంచిన బెట్టీ అనే కాకిని నేను సాక్ష్యానికి పిలవను. దాని జాతి న్యూ కలెడోనియా అడవుల్లో పుల్లలు వంచడం మామూలేనని 2016లో తేలింది. పైగా మన షావుకారు పనిముట్టు పట్టే రకం కాదు.

అసలు చిక్కు కోకిలతో. ఇంత లోకజ్ఞానమున్నవాడు పరాయిపిల్లను నోట్లో ముద్దపెట్టి పెంచడమేమిటి? కాకిపిల్ల కాకికి ముద్దన్నారు సరే, కోకిలపిల్ల కూడానా! అయితే మోసం ఆషామాషీగా లేదు. కోకిల గుడ్డు కాస్త చిన్నదేగానీ, అదే నీలి ఆకుపచ్చ, అవే గోధుమ మచ్చలు. అనుమానంతో గుడ్డు విసిరేసే కాకి ఒక్కసారి పొరబడితే పోయేది సొంతబిడ్డ. కోకిలపిల్ల సాధారణంగా కాకిపిల్లల్ని గూట్లోంచి తోసెయ్యదు కూడా, కాబట్టి ఒక నోరు ఎక్కువైనా వంశం నిలుస్తుంది. ఈ లెక్క కాకి కూర్చుని వేసుకున్నదని నేననను, తరాల చావుపుట్టుకలు తేల్చిన లెక్క. కోకిల చేతిలో మోసపోవడాన్ని పట్టుకుని కాకిది మట్టిబుర్ర అనేవాళ్లు ఒకసారి సంత దళారిని చూడాలి. ఎవరి రొంటిన ఎంతుందో దూరం నుంచే చెప్పేస్తాడు. సొంత అల్లుడు చేసిన అప్పు మాత్రం ఊరంతటికీ తెలిశాక ఆయనకు తెలుస్తుంది. అంతమాత్రాన ఆయన్ని అమాయకుడనుకుని చింతపండు బేరానికి దిగేవాళ్లు దిగొచ్చు.