పాత పెట్టెల పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

మెదక్ జిల్లా కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసుకి వ్యాఖ్య రాస్తూ, మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని ముందే ఒట్టు పెట్టుకున్నాడు. పాత స్పీకర్ల అమ్మకం ప్రకటనకి వ్యాఖ్య రాసేవాడికి ఆ ఒట్టు పనికిరాదు. ఇక్కడ మూలంలో చెప్పింది తక్కువ, దాచింది ఎక్కువ. కొనేవాడి డబ్బు పోయేది ఆ దాచినదాని దగ్గరే.

అమెరికాలో ఏ ఊరి గరాజులోంచి వచ్చినా ఈ ప్రకటనల ధోరణి ఒకటే కనక, సారమంతా ఒక ఆటవెలదిలో కుదించాం. అమ్మకానికి వచ్చేవి 1940ల నుంచి 70ల దాకా తయారైన పెద్ద స్పీకర్లు: ఆల్టెక్ కంపెనీ సినిమా హాళ్ల కోసం చేసిన ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’, ఆర్కన్సా రాష్ట్రం హోప్ అనే ఊళ్లో పాల్ క్లిప్ష్ 1946లో మొదలుపెట్టిన క్లిప్ష్‌హార్న్, లండన్ టానాయ్ వాళ్ల డ్యూయల్ కాన్సెంట్రిక్ వగైరా. కొనేవాడు ఇంట్లో ఒక గదిని పాటలకే వదిలేసి, ఘంటసాలనో బాలమురళినో తెచ్చి ఆ గదిలో కూచోబెట్టాలని ఉబలాటపడే రసికుడు. న్యూజెర్సీ బేస్‌మెంట్లలో ఇలాంటి తెలుగువాళ్లు లేకపోలేదు.

మూలం

పాత పెట్టె లమ్మబడునండి జతగాను
దొరలు వాడినట్టి దొడ్డ సరుకు
ముట్టలేదు లోన మొత్తమూ మొదటిదే
వచ్చి మోసుకెళ్లు వారి సొత్తు

ప్రతిపదార్థం

పాత = ఏ సంవత్సరానివో అమ్మేవాడు చెప్పని; పెట్టెలు = చెక్క పెట్టెలు, లోపలి డ్రైవర్లు, చుట్టుకుపోయిన వైర్లు, ఎలకలు వదిలివెళ్లిన గుర్తులతో సహా; అమ్మబడును = అమ్మబడును (పద్యం మొత్తంలో అనుమానం అక్కర్లేని మాట ఇదొక్కటే); అండి = బేరం కుదిరేదాకా ఉండే మర్యాద; జతగాను = లెక్కకి రెండు ఉన్నవి గనక; దొరలు = పేరు చెప్పని పూర్వ యజమానులు; వాడినట్టి = ఎంత గట్టిగా వాడారో చెప్పకుండా వాడిన; దొడ్డ సరుకు = ఇద్దరు పట్టుకుంటే గాని లేవని సామాను; ముట్టలేదు లోన = తాను కొన్నాక మూత విప్పలేదని; మొత్తమూ మొదటిదే = అన్నీ కంపెనీ బిగించిన భాగాలే అని; వచ్చి = సొంత వ్యానుతో, సొంత మనుషులతో వచ్చి; మోసుకెళ్లు వారి సొత్తు = గుమ్మం దాటాక తనకి సంబంధం లేదని.

తాత్పర్యం

ఉన్నవి ఉన్నట్టుగా అమ్ముతాను. నచ్చితే నగదు తెచ్చి పట్టుకెళ్లండి. మళ్లీ తీసుకురాకండి.

వ్యాఖ్య

పాత: కొందరు దీన్ని నిందగా తీసుకుంటారు. ఇక్కడ మాత్రం అది గుణమే. 1930లలో, 40లలో ఆంప్లిఫయర్‌లోంచి పది పదిహేను వాట్లు రావడమే గొప్ప. ఇప్పటికీ మోజు తీరని 300బి వాల్వు ఒంటరిగా పనిచేస్తే ఇచ్చేది సుమారు 8 వాట్లే. ఆ కాస్త కరెంటుతో హాలంతా నిండాలంటే స్పీకరే కష్టపడాలి. అందుకు దొరికిన ఉపాయం హార్న్. చెరువు అవతలి గట్టు మీదున్నవాణ్ని కేకేయాలంటే రెండు అరచేతులూ నోటి చుట్టూ పెట్టుకుంటాం కదా, ఇదీ అంతే. గొంతులో బలం అదే అయినా ఎదుటివాడికి చేరేది ఎక్కువ. మన ఊళ్లలో గుడి మీదా పెళ్లిపందిరి మీదా కట్టే మైకుసెట్టు హార్న్ కొద్దిపాటి వాట్లతోనే పక్క ఊరిదాకా వినబడేది ఈ సూత్రం మీదే.

ఒక వాటు ఇచ్చి, మీటరు దూరంలో ఎంత చప్పుడు వచ్చిందో కొలిచే అంకెని సెన్సిటివిటీ అంటారు. ఇప్పటి చిన్న షెల్ఫు స్పీకర్లకి అది 87 డెసిబెల్స్ ప్రాంతంలో ఉంటుంది. క్లిప్ష్‌హార్న్‌కి కంపెనీ చెప్పే అంకె 105. తేడా 18 మాత్రమే కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ప్రతి 3 డెసిబెల్స్‌కీ కావలసిన వాట్లు రెట్టింపవుతాయి. 18కి ఆరు రెట్టింపులు, అంటే 64 రెట్లు. పెద్ద పెట్టె ఒక్క వాటుతో చేసే పని చిన్న పెట్టె చేత చేయించాలంటే 64 వాట్లు పొయ్యాలి.

అయితే ఇంత గొప్పవి గరాజుల పాలెందుకయ్యాయంటే, 1954లో ఎడ్గార్ విల్చర్ గాలి చొరబడని చిన్న పెట్టెలోంచి లోతైన బేస్ తెప్పించి ఏఆర్-1 పేరుతో అమ్మాడు. తర్వాత ట్రాన్సిస్టర్లొచ్చి వాట్లు చవకయ్యాయి. హాల్లో సోఫా పక్కన ఇంత పెట్టె ఎందుకని జనానికి తోచింది.

జతగాను: స్టీరియో ఎల్పీలు బజారుకెక్కింది 1958 ప్రాంతంలో. అంతకు ముందు ఇంటికి ఒక్క స్పీకరుతోనే సరి. కనక అంతకన్నా పాతవని చెప్పే జత చాలావరకు పుట్టుకతో వచ్చిన జత కాదు, తర్వాత ఎవరో కుదిర్చిన సంబంధం. అందులో తప్పు లేదు గాని, గోత్రాలు కలిశాయో లేదో చూసుకోవాలి. వూఫర్ల (బేస్ వాయించే పెద్ద డ్రైవర్ల) మీది నంబర్లూ, క్రాసోవర్ల (ధ్వనిని బేస్‌గా, పై స్వరాలుగా విడదీసే సర్క్యూట్ల) మీది నంబర్లూ రెండింట్లోనూ ఒకటేనా? చెవితో తేల్చాలంటే 1950ల నాటి ఘంటసాల మోనో పాట ఒకటి పెట్టించి, రెండు పెట్టెలకీ సరిగ్గా మధ్యన కూచోండి. గాయకుడు నట్టనడుమ నిలబడి పాడాలి. ఒక్కో స్వరానికి ఒక్కో పక్కకి జరుగుతుంటే జత కుదరలేదని అర్థం.

బేస్ పూర్తిగా మాయమైతే మాత్రం తప్పు వైర్లది కావచ్చు. ఒక వూఫర్ ముందుకి తోస్తుంటే రెండోది వెనక్కి లాగుతోందన్నమాట. ఒకటిన్నర వోల్టు సెల్లుని వూఫర్ టెర్మినల్స్‌కి క్షణం తాకించి, కోన్ ఎటు కదిలిందో చూస్తే తెలుస్తుంది. ఇక్కడ ఒక అపవాద సూత్రం ఉంది. పాత జేబీఎల్ డ్రైవర్లలో ఎర్ర టెర్మినల్‌కి ప్లస్ ఇస్తే కోన్ లోపలికి పోతుంది. అది జబ్బు కాదు, ఆ ఇంటి ఆచారం.

దొరలు వాడినట్టి: బహువచనం గమనించాలి. ఎందరు దొరలో, ఏ దొరలో అడిగి తెలుసుకోవాలి. సినిమా హాలు నుంచి వచ్చిందైతే తెర వెనక చీకట్లో ఏళ్ల తరబడి రోజంతా పనిచేసిన పెట్టె. కచేరీలకి అద్దెకిచ్చే బృందం దగ్గర్నుంచి వచ్చిందైతే కోన్‌ని కదిలించే తీగచుట్ట, అంటే వాయిస్ కాయిల్, కాలేదాకా అరిచి ఉంటుంది. చర్చి నుంచి వచ్చిందైతే చాలావరకు ఆదివారాల పనే. ముగ్గురు దొరల్లో చర్చి దొరలు మేలు.

దొడ్డ సరుకు: ‘వాయిస్ ఆఫ్ ది థియేటర్’ వరసలోని ఆల్టెక్ ఏ7 పెట్టె మట్టుకే 42 అంగుళాల ఎత్తు, 30 వెడల్పు, 24 లోతు. లోపల 15 అంగుళాల వూఫర్. ఇంత ఉంది గనక నేల అదిరే బేస్ వస్తుందనుకుంటాడు కొత్తవాడు. రాదు. సంభాషణ ఆఖరి వరసదాకా స్పష్టంగా వినిపించడానికి చేసిన పెట్టె అది. 50 హెర్ట్‌జ్ చేరకముందే చేతులెత్తేస్తుంది.

పెట్టె సైజుకీ బేస్‌కీ ఉన్న సంబంధానికి శాస్త్రప్రమాణం ఉంది. కేఎల్‌హెచ్ అనే కంపెనీ పేరులో ‘హెచ్’ అయిన హాఫ్‌మన్ పేరు మీద ఒక ఇనుప నియమం చెబుతారు: చిన్న పెట్టె, లోతైన బేస్, ఎక్కువ సెన్సిటివిటీ, ఈ మూడింట్లో రెండే ఒకచోట దొరుకుతాయి. విల్చర్ మొదటి రెండూ ఏరుకున్నాడు. క్లిప్ష్ చివరి రెండూ ఏరుకుని, పెట్టె మరీ పెద్దది కాకుండా దాన్ని గది మూలకి ఆనించాడు. అక్కడ రెండు గోడలూ నేలా కలిసి హార్న్‌లో మిగతా భాగమవుతాయి. అంటే క్లిప్ష్‌హార్న్ కొన్నవాడు సగం స్పీకరే కొన్నట్టు; మిగతా సగం ఇల్లు కట్టిన మేస్త్రీ చేతిలో ఉంది.

ముట్టలేదు లోన: పద్యానికి ప్రాణం ఈ మూడో పాదం. ముట్టకపోతే ఒక చిక్కు, ముడితే ఇంకో చిక్కు. ముట్టకపోతే క్రాసోవర్‌లో కండెన్సర్లు యాభై అరవై ఏళ్లవి. ఎలక్ట్రోలిటిక్ రకమైతే లోపల ఎండిపోయి, మీద రాసిన విలువకీ మీటరు చూపించే విలువకీ పొంతన ఉండదు. ముడితే ఎవరు ముట్టారన్నది ప్రశ్న. కండెన్సర్లు మార్చడం చిన్న పని. వూఫర్‌కి పరాయి కోన్ అతికించినా, హార్న్ వెనకుండే పల్చటి అల్యూమినియం డయాఫ్రమ్ తీసి చవకది బిగించినా, అది వేరే స్పీకరే. అందుకే మా మతంలో ఎండిన కండెన్సర్ క్షమించదగ్గది, పని తెలియని చెయ్యి క్షమించరానిది.

అమ్మేవాడి మాట నిజమో కాదో వెనక పలక స్క్రూలు చెబుతాయి. కంపెనీ వేసిన రంగు స్క్రూ గాడిలో అలాగే ఉంటే ఎవరూ దిగలేదు. గాడి తళతళలాడుతూ అంచులు చెరిగిపోయి ఉంటే ఎవరో దిగారు. ఆపైన రెండు చేతుల వేళ్లూ కోన్ చుట్టూ సమానంగా ఆనించి, మెల్లగా లోపలికి నొక్కాలి. చప్పుడు లేకుండా వెళ్లి రావాలి. వేళ్లకి గరగరమని తగిలిందా, వాయిస్ కాయిల్ లోపల రాసుకుంటోంది, పెద్ద ఖర్చే. చివరికి మల్టీమీటర్. 8 ఓమ్‌ల డ్రైవర్ ఆరు దరిదాపుల్లో చూపిస్తుంది, 16 ఓమ్‌లది పది పన్నెండు. ఏమీ చూపించకపోతే తీగ తెగింది.

మొత్తమూ మొదటిదే: ఇది ఎప్పుడూ మెచ్చుకోలే అనుకోకూడదు. కోన్ అంచు మడతలు పెట్టిన గుడ్డదైతే దశాబ్దాలు నిలుస్తుంది. ఆల్టెక్ థియేటర్ వూఫర్లవి ఆ రకం. 1970ల నాటి కొన్ని జేబీఎల్ వూఫర్లకీ, టానాయ్ హెచ్‌పీడీ రకం డ్రైవర్లకీ అంచు ఫోమ్. అది పదీ ఇరవై ఏళ్లలో చివికిపోతుంది, తాకితే నల్లటి జిగురుగా వేలికి అంటుతుంది. అలాంటివాటి గురించి ‘మొత్తమూ మొదటిదే’ అంటే నేరం ఒప్పుకున్నట్టే.

అల్యూమినియం, నికెల్, కోబాల్ట్ కలిపిన ఆల్నికో అయస్కాంతం పేరెత్తి ధర పెంచేవాళ్లుంటారు. 1978లో జైరేలో పోరు రేగి కోబాల్ట్ ధర మండిపోవడంతో కంపెనీలు ఫెర్రైట్‌కి మారాయి. ఆ నిర్ణయంలో చెవికి పెద్దగా ప్రమేయం లేదు. పైగా ఆల్నికో గట్టి దెబ్బ తగిలినా, మితిమీరిన కరెంటు పోయినా బలం తగ్గుతుంది. అయస్కాంతబలం మళ్లీ ఎక్కించుకోవచ్చు గాని, ఆ ఖర్చు బేరంలోనే తగ్గించుకోవాలి.

వచ్చి మోసుకెళ్లు: క్లిప్ష్‌హార్న్ ఒక్కొక్కటి సుమారు 80 కిలోలు. మోసేదాకా అమ్మేవాడి సమస్య, మోశాక మనది. క్లిప్ష్‌హార్న్ జతకి ఒకే గోడకి రెండు చివర్లా ఖాళీ మూలలు కావాలి. ఒక మూల తలుపో, పూజ అల్మారానో ఉంటే ఆ జత మీకు రాసిపెట్టి లేదు. ఏ7కి మూలలతో పని లేదు, దూరంతో పని. పైన హార్న్ గొంతూ కింద వూఫర్ గొంతూ కలిసి ఒక్క గొంతు కావడానికి చోటు కావాలి. మరీ దగ్గరగా కుర్చీ వేసుకుంటే సుశీల పైనుంచీ తబలా కిందనుంచీ విడివిడిగా వస్తారు. ఇంకొకటి: చిన్న పెట్టెలో వినబడని ఆంప్లిఫయర్ గుర్రు 105 డెసిబెల్స్ పెట్టెలో గదంతా వినబడుతుంది. వినడానికి వెళ్లేటప్పుడు మీ ఆంప్లిఫయర్ కూడా పట్టుకెళ్లండి.

పూర్వపక్షం, సిద్ధాంతం

‘వంద వాట్లు చవగ్గా దొరికే రోజుల్లో ఈ సెన్సిటివిటీ యావ దేనికి?’ అని ఆక్షేపం. సమాధానం: తక్కువ కరెంటుతో పని జరిగితే కోన్ కదలిక తక్కువ, కాయిల్ వేడి తక్కువ, అందువల్ల ధ్వని చెడడమూ తక్కువ. మృదంగం మీద దెబ్బ పడ్డప్పుడు చప్పుడు ఒక్కసారిగా లేస్తుంది. చిన్న పెట్టె దాన్ని అణిచేస్తుంది, పెద్దది లేవనిస్తుంది.

‘క్లిప్ష్‌హార్న్ ఇప్పటికీ తయారవుతోంది, కొత్తదే కొనకూడదా?’ అని రెండో ఆక్షేపం. డబ్బుంటే కొనొచ్చు. మొదటిసారి పాతవి కొనేవాడికి కూడా ఆ కంపెనీవే మేలంటాం, విడిభాగాలకి వెతుకులాట తక్కువ గనక.

‘మాది పది అడుగుల గది’ అని మూడో ఆక్షేపం. దీనికి సమాధానం లేదు. చిన్న పెట్టెలే కొనుక్కోండి.

విశేషాలు

పద్యంలో ధర ఎక్కడా లేదు. గణాలు చాలక కాదు, అంకె ముందు ఎవరు నోరు జారితే వాళ్లే ఓడతారన్న లోకజ్ఞానం వల్ల. మనం కట్టుకోవలసిన లెక్క ఇది. మళ్లీ దొరకని అసలు కోన్, అసలు డయాఫ్రమ్, హార్న్, పగలని పెట్టె ఎంత బాగున్నాయో వాటికే వెల కట్టాలి. కండెన్సర్లు, వైర్లు, ముందు జాలిగుడ్డ లాంటి దొరికే భాగాల ఖర్చు అందులోంచి తీసెయ్యాలి. మెరిసే పాలిష్‌కి ఒక్క డాలరు కూడా వెయ్యనక్కర్లేదు.

ఫలశ్రుతి

ఈ టీక చదివి, టేపుతో గది కొలుచుకుని, తెలిసిన పాట రికార్డు చంకన పెట్టుకుని, సెల్లూ మల్టీమీటరూ జేబులో వేసుకుని వెళ్లినవారిని సగం ప్రకటనలు మోసం చెయ్యలేవు. మిగతా సగం కోసం ఒక్కటే నియమం: రెండు పెట్టెలూ మోగగా విన్నాకే డబ్బు తియ్యండి. వినిపించనన్న అమ్మేవాడికి నమస్కారం పెట్టి, ఖాళీ వ్యానుతో ఇంటికొచ్చేయండి.