గుట్టు మోసిన పుల్ల

ఇంకాసేపట్లో నన్ను పసుపు సంచిలో పడేస్తారు. ఆసుపత్రుల్లో ఒంటి తడి అంటిన దూది, పుల్లల్లాంటి చెత్త ఆ సంచిలోకే పోతుంది. అక్కణ్నుంచి కొలిమికి. పసుపుకుంకుమల మధ్య తిరిగి వచ్చినదాన్ని కదా, నాకూ చివరికి పసుపే రాసిపెట్టి ఉంది. ఈలోగా నాలుగు మాటలు చెప్పుకుంటాను.

నా పేరు స్వాబ్. పల్లెలో నన్ను దూదిపుల్ల అన్నారు. నిజానికి నా ఒంట్లో దూది లేదు. జానెడు ప్లాస్టిక్ పుల్ల, దాని కొసన మఖమలు మీద ఉన్నట్టు సన్నటి నైలాన్ నూగు. దూది పీల్చుకున్నదాన్ని ఒక పట్టాన వదలదు. నా నూగు అలా కాదు, పట్టుకున్నదంతా అడిగిన చోట విదిలించేస్తుంది. పుల్ల మీద ఒక గీత ఉంది, అంతవరకే లోపలికి అని గుర్తు. ఒక గొట్టం, ఒక మూత, ఒక అంకెల చీటీ. ఇదే నా ఆస్తి.

ముప్పై దాటిన ఆడవాళ్ల గర్భసంచి మూతికి క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందో లేదో చూడటానికి కాస్త తడి మోసుకెళ్లడం నా పని. ఆ తడిని తీసేది డాక్టరు కాదు, నర్సు కాదు. ఆ ఆడమనిషే, తన ఇంట్లో, తన చేత్తో తీసుకుంటుంది.

మా వంశం చెప్పుకోదగ్గదే. మూలపురుషుడు ఒక గాజుపలక. గ్రీసులో పుట్టి న్యూయార్క్‌లో స్థిరపడ్డ జార్జ్ పపనికొలావ్ ఆ పలక మీద కణాలు పరిచి, మైక్రోస్కోపులో చూసి, ఈ క్యాన్సర్‌ను ముందే పట్టవచ్చని 1928లో చెప్పాడు. అప్పట్లో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1941లో హెర్బర్ట్ ట్రౌట్‌తో కలిసి మళ్లీ రాస్తే గానీ వైద్యలోకం చెవిన పడలేదు. ఆయన పేరులోని మొదటి ముక్కే పాప్ పరీక్ష. ఆ పరిశోధన కోసం ఏళ్ల తరబడి తన నమూనాలు ఇస్తూ వచ్చిన మనిషి ఆయన భార్య ఆండ్రొమాకి. ఆమె పేరు మాత్రం ఏ పరీక్షకూ పెట్టలేదు. ఆ తర్వాత 1947లో కెనడాలో ఎర్నెస్ట్ ఎయిర్ కణాలు గీకడానికి చేయించిన చెక్క గరిటె మాకు తాతయ్య వరస.

మా తరం పుట్టుకకు కారణం హారాల్డ్ జుర్ హౌసెన్ అనే జర్మన్ శాస్త్రవేత్త. ఈ క్యాన్సర్ వెనక హెచ్‌పీవీ అనే వైరస్ ఉందని ఆయన బృందం తేల్చింది. 1983లో పదహారో రకం, మరుసటి ఏడు పద్దెనిమిదో రకం దొరికాయి. లోకంలోని ఈ క్యాన్సర్లలో నూటికి డెబ్భై వాటి పనే. 2008లో ఆయనకు నోబెల్ వచ్చింది.

గాజుపలకకూ నాకూ ఉన్న తేడా ఇక్కడే ఉంది. దానికి చెడిన కణమే కావాలి. ఆ కణం గర్భసంచి మూతి మీదే ఉంటుంది కాబట్టి లోపలికి చూసి గీకేవాళ్లు కావాలి, తర్వాత మైక్రోస్కోపు ముందు కూర్చునే నిపుణులు కావాలి. వైరస్ ఆనవాళ్లు అలా ఒక్క చోటే ఉండవు, కిందికి దిగిన తడిలోనూ దొరుకుతాయి. పిసరంత దొరికినా చాలు, పీసీఆర్ యంత్రం దాన్ని ఒకటికి లక్షలుగా పెంచి చూపిస్తుంది. అందుకే ఆమె చేతిలో నా గురి కాస్త తప్పినా పని తప్పదు. డాక్టరు తీసిన నమూనానూ, ఆడమనిషి తానే తీసుకున్న నమూనానూ పోల్చిన అధ్యయనాలన్నీ కలిపి చూస్తే, పీసీఆర్ రకం పరీక్షల్లో రెండూ దాదాపు సమానమేనని తేలింది. కరోనా రోజుల్లో మీ ముక్కుల్లోకి దూరినవాళ్లు మా పినతల్లి పిల్లలే. వాళ్లను తిట్టుకున్నారు గానీ, ఈ విద్య అందరికీ తెలిసింది వాళ్లవల్లే.

ఇక నా ప్రయాణం సంగతి. ఆశా కార్యకర్త సంచిలో ఇరవైమందిమి మేడ్చల్ వైపు ఒక పల్లెకు వెళ్లాం. ఊరి పేరు చెప్పను, గుట్టు మోసేవాళ్లకు అది మొదటి కట్టుబాటు. మా కులానికి ఈ ప్రాంతం కొత్తేమీ కాదు. ఈ శతాబ్దం తొలి దశకంలోనే మేడ్చల్ మండలం ఆడవాళ్లు పరిశోధకుల కోసం తమ నమూనాలు తామే తీసి ఇచ్చారు. పల్లెటూరి వాళ్లకు చేతకాదన్న మాటకు అప్పుడే జవాబు వచ్చేసింది.

మొదటి ఇంట్లో ముప్పై నాలుగేళ్ల మనిషి గడపలో బియ్యం చెరుగుతోంది. ఆశ నన్ను బయటికి తీసింది.

“చెల్లే, గర్భసంచి ఉన్నదా?”

“ఏడున్నదక్కా! తెల్లబట్ట అయితుంటే చూపిచ్చుకున్న. ఉంటే క్యాన్సర్ అయితదన్నరు. తీసేసిండ్రు. నాలుగేండ్లాయె.”

ఆశ నన్ను మళ్లీ సంచిలో పెట్టేసింది. మూతే లేని చోట నాకు పనేముంది? ఆ మనిషి నడుం పట్టుకుని లేచిన తీరు మాత్రం మరిచిపోలేను. అండాశయాలు కూడా పోతే ముప్పైల్లోనే ముట్లుడిగిన ఒళ్లవుతుంది. ఎముకలు గుల్లబారతాయి, ఒళ్లంతా ఆవిర్లు కమ్ముతాయి. ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో గర్భసంచి తీయించుకున్న 15-49 ఏళ్ల ఆడవాళ్లు దేశం మొత్తం మీద నూటికి 3.2 మంది. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. దేశంలో మొదటి రెండు స్థానాలూ మన తెలుగువాళ్లవే.

ఇప్పుడు ఇంకో లెక్క వినండి. తర్వాతి సర్వేలో, 30-49 ఏళ్లవాళ్లలో గర్భసంచి మూతి క్యాన్సర్ పరీక్ష ఒక్కసారైనా చేయించుకున్నవాళ్లు దేశంలో నూటికి 1.9. అంటే వందలో ఇద్దరు కూడా లేరు. సిగ్గుపడి అసలు చూపించుకోరు, భయపడితే ఏకంగా తీయించేసుకుంటారు. ఈ సిగ్గుకీ ఆ భయానికీ నడుమ ‘ముందు తెలుసుకుందాం’ అనే మెట్టు ఒకటుంది. దాని మీద కాలు పెట్టినవాళ్లే తక్కువ. నన్ను చేసింది ఆ మెట్టు కోసమే.

ప్రభుత్వం ఊరికే కూర్చుందని అనను. ముప్పై దాటినవాళ్లకు ఐదేళ్లకోసారి పరీక్ష చేయాలని 2016లో మార్గదర్శకాలు వచ్చాయి. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే నీళ్లలో కలిపి మూతికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తారు. ఎక్కడైనా తెల్లటి మచ్చ తేలితే అనుమానించాలి. చవకైన పరీక్ష, అప్పటికప్పుడే ఫలితం. అయితే దానికి బల్ల కావాలి, చాటు కావాలి, చేయి తిరిగిన నర్సమ్మ కావాలి. అన్నిటికంటే ముందు ఆ బల్ల మీద కాళ్లు ఎడం చేసి పడుకునే గుండె కావాలి.

రెండో ఇంటి మనిషి నలభై దాటింది. తెల్లారకముందే బెండకాయలు తెంపి బోయిన్‌పల్లి మార్కెట్‌కు పంపే మనిషి. ఆసుపత్రికంటే ఒక రోజు బేరం పోతుంది. ఆశ చెప్పిందంతా విని ముఖం గంటు పెట్టుకుంది.

“నాకెందుకే గీ పరీక్ష? నేనేమన్న తప్పు నడక నడిచిన్నా?”

“అయ్యో అక్కా, గట్లగాదు. కాపురం జేసినోళ్లల్ల శానమందికి ఎప్పుడో ఒకప్పుడు వచ్చిపోతదిది. జలుబు రాదా? గట్లనే అనుకో. కొందరికే పోకుంట మిగుల్తది. గా కొందరిల నువ్వున్నవా లేవా, గంతే చూస్తరు.”

ఈ వైరస్ గురించి ఇంతకంటే సూటిగా ఏ పాఠ్యపుస్తకమూ చెప్పలేదు. ఈ వైరస్‌ను చాలామంది ఒళ్లు ఏడాది, రెండేళ్లలో తానే తరిమేస్తుంది. తిష్ఠ వేసుకున్న చోట మాత్రం మెల్లగా పని మొదలుపెడుతుంది. క్యాన్సర్ అవడానికి మామూలుగా పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది. హెచ్‌ఐవీ లాంటిది ఉండి రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అంత గడువుండదు.

ఆశ ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగింది. నెలసరిలో ఉన్నావా? కడుపుతో ఉన్నావా? కలిసిన తర్వాత గానీ, ముట్లుడిగాక గానీ రక్తం కనబడుతోందా? అలా కనబడితే నా కోసం ఆగకూడదు, నేరుగా డాక్టరు దగ్గరికే వెళ్లాలి. నేను ఏ బాధా లేనివాళ్ల కోసం పుట్టినదాన్ని.

వాళ్ల స్నానాల గది తలుపుకు గడియ లేదు. ఆమె నీళ్ల బకెట్టు అడ్డం పెట్టింది. ఆమె ఒక కాలు మెట్టు మీద పెట్టింది. చేయి వణికింది, నేను జారి ఆమె చీర కుచ్చిళ్లలో ఆగాను. కింద పడి ఉంటే నా బతుకు అక్కడితో సరి. గీత దాకా పోనిచ్చి, మెల్లగా తిప్పుతూ ఇరవై లెక్కపెట్టమని చెప్పింది ఆశ. ఈమె కూరగాయలు కొలిచే మనిషి. ఆమె లెక్క ఒకటితో మొదలవ్వదు.

“లాభం... రెండు... మూడు... నాలుగు... అయిదు... ఆరు... ఆరున్నొక్కటి...”

ఏడు అనలేదు, ఏడుపు గుర్తొస్తుందని. ఇరవై అయ్యేసరికి ఆమె చేతి వణుకు ఆగిపోయింది. బయటికొచ్చి గొట్టం ఆశ చేతిలో పెడుతూ, “గింతేనా?” అంది. నా బతుకులో నేను విన్న గొప్ప మాట అదే. పురుటినొప్పులు, కుట్లు, ఆపరేషన్లు అన్నీ ‘ఇంతింత’గా అనుభవించిన ఒంటికి ‘ఇంతేనా’ అనిపించిన పని ఇంకోటి ఉందో లేదో!

నన్ను మంచుపెట్టెలో పెట్టాల్సిన అవసరం లేదు. పొడిగా, గొట్టంలో కొన్ని రోజులు నిక్షేపంగా ఉంటాను. అసలు చిక్కు ఫోను నంబరు దగ్గర వచ్చింది. “మా కొడుకుది రాస్కో,” అంది ఆమె. ఆశ రాసుకోలేదు. మలేసియాలో 2018లో మొదలైన రోజ్ అనే కార్యక్రమంలో ఆడవాళ్లు తామే నమూనా తీసి ఇస్తే, ఫలితం వాళ్ల ఫోనుకే వెళుతుంది. ఆస్ట్రేలియాలో 2022 జూలై నుంచి ఈ పరీక్షకు వచ్చే ఆడవాళ్లెవరైనా నమూనా తామే తీసుకోవచ్చు. అమెరికాలో 2025లో ఇంటి దగ్గరే తీసుకునే పరికరానికి అనుమతి దొరికింది. అయితే ఫలితం ఫోనుకు పంపుదామంటే, మన పల్లెలో చాలా ఇళ్లలో ఫోను ఆమెది కాదు. ‘పాజిటివ్’ అనే ఒక్క మాట కొడుకు ఫోనులో మోగితే, దాని అర్థం ఆమెకు చేరేలోపు వీధికి చేరుతుంది. ఆశ తన నంబరే రాసుకుంది. ఫలితం ఏదైనా తానే వచ్చి, పక్కన కూర్చుని చెబుతానంది.

ల్యాబ్‌లో మా ఇరవైమందిలో ఇద్దరి దగ్గర వైరస్ ఉన్నట్టు తేలింది. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేనే.

కంగారు పడకండి. వైరస్ ఉంది అంటే క్యాన్సర్ ఉందని కాదు, గర్భసంచి తీసెయ్యాలని అంతకన్నా కాదు. ఇప్పుడు ఆమె ఆ బల్ల ఎక్కాలి. నావల్ల ఆ పని తప్పలేదు గానీ, ఇరవైమంది ఎక్కాల్సిన చోట ఇద్దరే ఎక్కుతారు. మూతి మీద అనుమానపు మచ్చ ఉండి, అది క్యాన్సర్ కానంత వరకు, ఆ కాస్త చోటును వేడితో మాడ్చేస్తే సరిపోవచ్చు. నిమిషంలోపు పని, అదే రోజు ఇంటికి. గర్భసంచి ఎక్కడిది అక్కడే ఉంటుంది. మొదటి ఇంటి ఆమెను అడగాలనిపిస్తోంది, నాలుగేళ్ల కిందట నీ గడపలోకి నాలాంటిది ఒకటి వచ్చి ఉంటే ఏం జరిగేదని.

ముందే తెలుసుకుని చికిత్స చేస్తే ఫలితం ఉంటుందనడానికి సాక్ష్యం మన పొరుగునే ఉంది. మరాఠ్వాడాలోని అప్పటి ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది ఆడవాళ్లను నాలుగు గుంపులుగా చేసి చూశారు. వాటిలో ఒక గుంపుకు హెచ్‌పీవీ పరీక్ష జరిగింది, నమూనా తీసింది మాత్రం ఆరోగ్య కార్యకర్తలే. ఆ పరీక్ష ఒక్కసారి జరిపి, దొరికినవాళ్లకు చికిత్స చేసిన గుంపులో ఎనిమిదేళ్లకు ఈ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయని 2009లో తేలింది. గుర్తుంచుకోండి, పరీక్షతో పాటు చికిత్స కూడా జరిగింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2030కి పెట్టుకున్న గురి కూడా మూడు అంకెలు. పదిహేనేళ్లు నిండేలోపు ఆడపిల్లల్లో నూటికి 90 మందికి టీకా, 35 ఏళ్లకు ఒకసారీ 45కి ఒకసారీ నూటికి 70 మందికి పరీక్ష, జబ్బు బయటపడ్డవాళ్లలో 90 మందికి చికిత్స. నడిమి అంకెకు నేను సాయపడగలను. చివరి అంకెకు డాక్టరు కావాలి, బస్సు కావాలి, ఒక రోజు కూలి పోయినా ఫరవాలేదనే ఇల్లు కావాలి. అవి లేకపోతే ఇంటింటికీ తిరిగి నేను పంచేది భయమే. ఆ భయం చివరికి ఎక్కడికి తీసుకెళుతుందో మొదటి ఇంట్లో చూశాను.

2022లో మన దేశంలో ఈ క్యాన్సర్‌తో పోయినవాళ్లు దాదాపు 80,000 మంది. వాళ్లలో ఎంతమంది బకెట్టు అడ్డం పెట్టుకునే ఆ ఒక్క నిమిషానికి ఆశపడి ఉండేవారో నాకు తెలీదు. అడిగినవాళ్లు లేరు.

అదిగో, ల్యాబ్ అమ్మాయి పసుపు సంచి దగ్గరికి లాగింది. ఒక చేతిలో నా గొట్టం, ఇంకో చేతిలో ఫోను. చీటీ మీది అంకె చూసి ఆశ నంబరు నొక్కింది. మోగుతోంది.

లాభం... రెండు... మూడు...

ఎత్తింది.