గోడ మీదుగా మా గులాబీలు తుంచుకెళ్తున్న మీకు



మీరెవరో నాకు తెలియదు. పాలవాడు రాకముందే మా ప్రహరీ పక్కన ఆగి, ఎడ్వర్డ్ గులాబీ కొమ్మను వంచి మొగ్గలు తుంచుకెళ్తున్నారని మాత్రం తెలుసు. పూజకే అయి ఉంటుంది. దేవుడికి పూలు పెట్టడాన్ని ఎవరూ తప్పుపట్టరు. కానీ మీరు తెంపే తీరుకు మొక్క చచ్చిపోతోంది.

ఇది పూలబొకేల్లో కనిపించే గులాబీ కాదు. హిందూ మహాసముద్రంలోని బూర్బన్ దీవిలో, అంటే ఇప్పటి రీయూనియన్‌లో, కంచెలుగా పెంచిన డమాస్క్, చైనా గులాబీలు కలిసి పుట్టిన జాతి. 1817లో ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు బ్రెయాన్ దీన్ని గుర్తించాడు. దీని సువాసన డమాస్క్ నుంచి వచ్చింది, ఏడాదిలో పలుమార్లు పూసే గుణం చైనా గులాబీ నుంచి వచ్చింది. పువ్వు ఒకట్రెండు రోజుల్లోనే రాలిపోతుంది. కానీ విచ్చిన పొద్దున దాని పరిమళం గుమ్మం దాకా వస్తుంది. ఎండెక్కేకొద్దీ తగ్గిపోతుంది. బిగిసిన మొగ్గలో ఆ వాసన ఇంకా పుట్టనే లేదు. అంటే మీ దేవుడికీ అది అందడం లేదు.

నిన్న ముళ్లకు జడిసి కొసను మెలితిప్పి లాగారు. పచ్చి బెరడు జానెడు మేర ఊడి, లోపలి తెల్లటి చెక్క బయటపడింది. అలాంటి గాయంలో శిలీంధ్రం చేరితే కొమ్మ కొస నుంచి కిందికి నల్లబడుతూ ఎండిపోతుంది. తోటవాళ్లు డైబ్యాక్ అనేది దీన్నే. అదే విచ్చిన పువ్వును, ఐదాకుల రెమ్మకు కాస్త పైన, పదునైన కత్తెరతో ఏటవాలుగా కోసి చూడండి. ఆ కణుపులోంచే చిగురు లేచి, నెలన్నర అటూఇటూగా మళ్లీ పూస్తుంది.

ఈ గులాబీ కొమ్మ నాటితే చక్కగా బతుకుతుంది. మన దేశంలో నర్సరీలవాళ్లు వేరే రకాలను దీని మీద అంటు కట్టేది అందుకే. వానలు పడ్డాక పెన్సిలు మందాన, 8 అంగుళాల కొమ్మ కోసిస్తాను. ఇసుక, మాగిన పశువుల ఎరువు కలిపిన మట్టిలో సగం దాకా పాతి, నీడన పెట్టండి. చిగురు కనిపించగానే పీకి చూడకండి, వేళ్లు పట్టడానికి నెల దాటుతుంది.

రేపు తెల్లారాక గేటు తట్టండి. విచ్చిన పూలు నేనే కోసిస్తాను. చీకట్లో మొగ్గలు తుంచడం మాత్రం దయచేసి ఈ రోజుతో ఆపండి.

ఇట్లు,
మీ వీధిలోనే ఉండే ఒక గులాబీ పెంపకందారు