కొలరాడోకి చేతకాని పని

మా గజపతినగరంలో అమెరికా వెళ్ళిరాని పెద్దమనిషికి ఈమధ్య పెళ్ళి భోజనాల్లో మొదటి బంతి దక్కడం కష్టమైపోయింది. ఊరికే వెళ్ళొస్తే సరిపోయే రోజులు కూడా పోయాయి. "నయాగరా చూసీసినారా?" అన్నది పాత ప్రశ్న, అది చూడనివాడు లేడు. ఇప్పుడడిగేది "గ్రాండ్ కాన్యన్ ఎల్లినారా? యాంటిలోప్ కాన్యన్‌లో ఫొటో తీయించుకున్నారా?" అని. ఎడారిలో ఎర్రరాళ్ళ మధ్య, నెత్తిన టోపీ, కాళ్ళకి తెల్ల బూట్లు, పక్కన పట్టుచీరలో ఇల్లాలు. ఆ ఫొటో హాల్లో గోడకి వేలాడకపోతే కొడుకు అమెరికాలో ఉన్నాడన్నా ఎవరూ నమ్మడం లేదు.

మా క్రషర్ బావ ఈ ఏడు బయల్దేరుతున్నాడు. ఊరంతా ఆయన్ని బావనే అంటుంది, అప్పిచ్చినవాళ్ళతో సహా. రెండు రాతి క్వారీలు, ఒక క్రషరు, అరడజను టిప్పర్లు ఆయన ఆస్తి. కొడుకు ఫీనిక్స్‌లో.

"అంత దూరమెల్లి సూడ్డానికి ఏటున్నాది బావా?" అన్నాను టీ కొట్టు దగ్గర.

"రాళ్రా! ఉత్తి రాళ్ళు. ఎర్రగా, పొరలు పొరలుగా, ఇంతింతెత్తు. కొండని నది కోసీసిందట. దేవుడి పనిరా అది!" అన్నాడు, కళ్ళు అరమోడ్చి.

ఆఖరి మాట సరిగ్గా వినబడలేదు. వెనక హైవే మీద ఆయన టిప్పరే, పైన పట్టా కూడా కప్పకుండా, కొండముక్కలు నింపుకుని విజయనగరం వైపు పోతోంది. కంకరరాయి ఒకటి ఎగిరి మా బల్ల కింద పడింది. బావ దాన్ని చెప్పుతో పక్కకి తోసి, ఫోన్లో మాన్యుమెంట్ వ్యాలీ బొమ్మ చూపించాడు.

ప్రయాణం ఏర్పాట్లు మూణ్ణెల్లుగా నడుస్తున్నాయి. ముందు డీఎస్-160 ఫారం. తర్వాత మనిషికి 185 డాలర్ల వీసా ఫీజు. ఆపైన హైదరాబాదులో ఇంటర్వ్యూ. దానికి ముందు చిలుకూరు బాలాజీకి 11 ప్రదక్షిణలు, వీసా వచ్చాక 108. క్వారీ లైసెన్సు కోసం బావ ఇన్నిసార్లు ఎక్కడా తిరగలేదు. అక్కడ ఒక్క ప్రదక్షిణతో పనైపోయింది, అదీ కవరు పట్టుకుని. పెట్టెల్లోకి ఆవకాయ, కందిపొడి, రైస్ కుక్కరు ఎక్కాయి. ఎడారిలో లోయ అంచున కూర్చుని పులిహోర తినాలన్నది అక్క కోరిక. ఈ మొత్తం వ్యవహారంలో నాకు నచ్చినది అదొక్కటే.

బావకి మొదటి దెబ్బ తగిలింది 'ది వేవ్' దగ్గర. అరిజోనా, యూటా సరిహద్దులో ఇసకరాయి అలల్లా మడతలు పడిన చోటది. రోజుకి 64 మందినే రానిస్తారు, అదీ లాటరీ తీసి.

"రాళ్ళు సూడ్డానికి లాటరీయేటి? ఎమ్మెల్యే గారి లెటరు పెడితే అవదా?"

అవదని కొడుకు చెప్పాడు.

"పోనీ బ్రేక్ దర్శనం?"

అదీ లేదు. ఆ రాయి మీద ఎక్కువమంది నడిస్తే అరిగిపోతుందని భయమట. బావ చాలాసేపు మాట్లాడలేదు. రాయి అరిగిపోతుందేమోనని భయపడే ప్రభుత్వం ఒకటుంటుందని ఆయన ఊహకి ఎప్పుడూ అందలేదు. ఆయనకి తెలిసిన ప్రభుత్వం, రాయి ఇంకా అరగలేదేమని అడుగుతుంది. టన్నుకింత సీనరేజి రుసుము వస్తుంది కదా మరి.

రెండో దెబ్బ చట్టం. అమెరికా జాతీయ పార్కుల్లో గులకరాయి ఏరి జేబులో వేసుకున్నా నేరమే. ఆరు నెలల జైలు, 5000 డాలర్ల జరిమానా దాకా పోవచ్చు. 2013లో యూటాలో గోబ్లిన్ వ్యాలీ అనే రాష్ట్ర పార్కులో పుట్టగొడుగులా నిలబడ్డ ఒక బండని, పిల్లల మీద పడుతుందని సాకు చెప్పి స్కౌటు నాయకులు తోసేసి కేరింతలు కొట్టారు. ఆ వీడియో లోకమంతా చూసింది. స్కౌట్ల సంస్థ వాళ్ళని వెలేసింది, కోర్టులో తప్పు ఒప్పుకోవలసి వచ్చింది.

"ఒక్క బండకా?" అన్నాడు బావ నిలువుగుడ్లేసి. "సీనరేజి కట్టీసినా ఒప్పుకోరా?"

ఇక్కడ కొలరాడో నది గురించి నిజం చెప్పుకోవాలి. అందరూ ఆ నదిని ఆకాశానికెత్తుతారు గానీ, పనిలో అది మహా నత్త. 446 కిలోమీటర్ల పొడవు, లోతైన చోట మైలుకి పైన. ఆ గ్రాండ్ కాన్యన్‌ని ఇప్పుడున్న రూపానికి కొయ్యడానికి దానికి సుమారు 50, 60 లక్షల ఏళ్ళు పట్టింది. మా బావకి ఒక కొండని లోయ చెయ్యడానికి ఒక లీజు కాలం చాలు. జాక్‌హామరుతో బొక్కలు, వాటిలో తూటాలు, మధ్యాహ్నం మందు పేలిస్తే పక్క ఊళ్ళో గోడకి బీట. తర్వాత పొక్లెయిను, టిప్పరు, క్రషరు. నిన్నటి దాకా నెత్తిన మబ్బు మోసిన కొండ ఇవాళ ముప్పావు చిప్స్, బేబీ చిప్స్, డస్టు అని మూడు కుప్పలుగా పడుంటుంది. కొండ ఉన్నచోట వాన నీళ్ళు నిండిన గుంట మిగులుతుంది. దాని చుట్టూ కంచె ఉండదు, బోర్డు ఉండదు, టిక్కెట్టు ఉండదు, లాటరీ అసలే ఉండదు. సెలవుల్లో ఈతకని దిగిన పిల్లల్ని ఊరివాళ్ళు పైకి తీసిన రోజునే ఆ గుంట పేపర్లోకెక్కుతుంది.

మనకి లోయలు లేవని ఎవరన్నారు? 1892లో కోడూరు దగ్గర మాంగనీసు తవ్వడం మొదలైన నాటి నుంచి మన జిల్లా లోయలు తయారుచేస్తూనే ఉంది.

మా ప్రాంతంలో కొండ బతకాలంటే ఒకటే దారి, దాని నెత్తి మీద గుడి వెలవాలి. గుడి ఉన్న కొండకి మెట్లు కడతారు, గుడి లేని కొండకి లీజు రాస్తారు. అమెరికావాళ్ళు ఈ రహస్యం కనిపెట్టారేమోనని నా అనుమానం. గ్రాండ్ కాన్యన్‌లో విష్ణు టెంపుల్, బ్రహ్మ టెంపుల్, శివ టెంపుల్ అనే శిఖరాలున్నాయి. క్లారెన్స్ డటన్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు 19వ శతాబ్దంలో అక్కడి శిఖరాలకి తూర్పుదేశాల దేవుళ్ళ పేర్లు పెట్టడం మొదలెట్టాడు. లోయ అడుగున దాదాపు 175 కోట్ల ఏళ్ళ రాయి ఉంది, దాని పేరు విష్ణు షిస్టు. ఇది విని బావ తల్లిగారు "నన్నూ తీసికెల్లరా నాయనా, విష్ణుమూర్తి కొండంట" అని పట్టుబట్టారు. గుడీ లేదు, హుండీ లేదు, అయినా ఆ కొండ నిలబడే ఉందని ఆవిడకి ఎవరూ చెప్పలేకపోయారు.

మన తూర్పు కనుమల రాయికీ పేరుంది, ఖోండలైటు. ఈ కొండల్లో బతికే ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో పెట్టారు. కోణార్క గుడి కట్టింది ఆ రాయితోనే. రాయికి వాళ్ళ పేరిచ్చి, రాళ్ళ డబ్బు మాత్రం మనం ఉంచుకున్నాం. బొర్రా గుహల చుట్టుపక్కల గనుల లీజుల మీద సమత సంస్థ కోర్టుకెక్కితే, షెడ్యూల్డు ప్రాంతాల్లో భూమిని గిరిజనేతరులకి గనులకివ్వకూడదని 1997లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. బావ ముచ్చటపడుతున్న యాంటిలోప్ కాన్యన్ నవాహో తెగవాళ్ళ భూమిలో ఉంది. వాళ్ళ అనుమతి ఉన్న గైడు వెంట లేనిదే ఎవరూ అడుగు పెట్టడానికి లేదు, రుసుమూ వాళ్ళకే కట్టాలి. గిరిజనుడి కొండకెళ్ళి గిరిజనుడి వెనక నడిచి గిరిజనుడికి డబ్బు కట్టి రావడం బావ జీవితంలో ఇదే మొదలు. దీని కోసం పద్నాలుగు వేల కిలోమీటర్లు పోవలసి వస్తోంది, పాపం.

ఎండ మాట చెప్పలేదు. మే నెలలో మన ఊళ్ళో కరెంటు పోతే బావ సబ్‌స్టేషన్‌కి ఫోను చేసి తిట్టే తిట్లు వీధంతా వింటుంది. జూన్ ఆఖర్లో వెళ్ళబోయే ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటింది. గ్రాండ్ కాన్యన్‌లో పైఅంచు నుంచి నది దాకా దిగి అదే రోజు తిరిగి ఎక్కొద్దని అక్కడి రేంజర్లు బోర్డులు పెట్టి మరీ మొత్తుకుంటారు. ఎక్కవలసింది కిలోమీటరుకి పైన నిలువెత్తు. బావ పథకం మాత్రం ఇది: "పొద్దున్నే దిగీసి, మజ్జానం భోజనాలకి ఎక్కీద్దాం." యాంటిలోప్‌లో అయితే ఇంకో గొడవ. 1997 ఆగస్టులో లోయలో ఉన్నవాళ్ళ నెత్తిన పెద్ద వాన లేదు, ఎక్కడో మైళ్ళ దూరంలో కురిసిన వాన ఆ ఇరుకు సందులోకి ఒక్కసారిగా వచ్చిపడి 11 మందిని మింగేసింది. ఇది నేను వెటకారానికి చెప్పడం లేదు. వెళ్ళేవాళ్ళు గైడు ఆపమన్నచోట ఆగండి.

ఇంతకీ బావ చూడాలనుకుంటున్న ఎర్రటి లోయలు, నిలువు గోడలు, పొరలు పొరల మట్టి మనకి కారులో రెండు గంటల దారిలో ఉన్నాయి. భీమిలి దగ్గర ఎర్రమట్టి దిబ్బలు. సముద్రం ఇప్పటికంటే వెనక్కి తగ్గి ఉన్న కాలంలో గాలి ఎగరేసిన ఇసక అక్కడ పోగుపడింది, దానిలోని ఇనుము తుప్పుపట్టి ఎర్రనైంది, వాన దాన్ని కోసి సన్నటి లోయలు చేసింది. ఇలాంటివి దక్షిణాసియాలో ఇక్కడా, తమిళనాడులో, శ్రీలంకలో మాత్రమే ఉన్నాయి. పక్కనే గోస్తని సముద్రంలో కలుస్తుంది. ఆ గోస్తనే పైన బొర్రా గుహల్ని మలిచింది, తాటిపూడి జలాశయాన్ని నింపింది. ఒక నది వెంట కారేసుకుని వస్తే గుహలూ, జలాశయమూ, ఎర్ర లోయలూ, సముద్రమూ ఒక్క రోజులో అయిపోతాయి. ప్రపంచంలో ఇంత చవకైన ప్యాకేజీ ఉండదు.

చవక గనకే దానికి విలువ లేదు. జియాలజికల్ సర్వే వాళ్ళు దిబ్బల్ని జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించి బోర్డు పెట్టారు. సినిమావాళ్ళు పాటలు తీశారు. 2024లో ఇళ్ళ స్థలాల పేరుతో యంత్రాలు దిగి చదును చెయ్యడం మొదలెట్టాయి. గొడవైతే ఆగాయి. అక్కడి నుంచి బీచ్ రోడ్డు వెంట విశాఖ వైపు వస్తే రుషికొండ. అది ఇంకో పాఠం. పర్యాటకం పేరు చెప్పి 2021లో కొండని చెక్కడం మొదలెట్టారు, రాజభవనాల్లాంటివి లేపారు, కోసిన చోట పచ్చ పట్టా కప్పారు. గాయానికి ఆకుపచ్చ రంగు కట్టు కడితే అది అడవి అయిపోతుందని అనుకున్న వైద్యులు లోకంలో మనమే.

"దిబ్బలు సూసొచ్చీద్దాం బావా" అన్నాను ఒక ఆదివారం.

"అవేటి, దిబ్బలు! వాటికి లైకులెవుడు కొడతాడ్రా?"

అక్కడ బావ ఒక్కడిదే తప్పు కాదు. అరకుని ఆంధ్రా ఊటీ అంటాం, లంబసింగిని ఆంధ్రా కాశ్మీరం అంటాం. పెన్న ఎర్రమల కొండల్ని చీల్చుకుని పోయే గండికోటని 'ఇండియా గ్రాండ్ కాన్యన్' అంటే గానీ మనవాడు బస్సెక్కడు. 1652లో మీర్ జుమ్లా ఆ కోట గెలిచినప్పుడు ఫ్రెంచి వ్యాపారి టావెర్నియే వచ్చి చూసి రాసుకుపోయాడు. అప్పటికి గ్రాండ్ కాన్యన్‌ని జాతీయ పార్కు చెయ్యడానికి ఇంకా 267 ఏళ్ళుంది. అయినా అరిజోనాలో ఎవరూ తమ లోయకి 'అమెరికా గండికోట' అని బోర్డు పెట్టుకోలేదు. గండికోటకి 2024లో కేంద్రం సుమారు 78 కోట్లు ఇచ్చింది. సంతోషమే. ఆ డబ్బుతో లోయ అంచున కాంక్రీటు పోస్తారా, మరుగుదొడ్లు కడతారా అన్నదే నా బెంగ. కాంక్రీటుకి చిప్స్ కావాలి, చిప్స్‌కి ఇంకో కొండ కావాలి.

బావ మొన్న కనిపించినప్పుడు మంచి ఆలోచన ఒకటి చెప్పాడు. తిరిగొచ్చాక తన పాత క్వారీ గుంట చుట్టూ రెయిలింగు వేసి, బోటు దింపి, 'గజపతినగరం గ్రాండ్ కాన్యన్' అని పేరు పెడతాడట. ఎంట్రీ యాభై రూపాయలు. నేను నవ్వలేదు. మన పర్యాటక విధానానికి అంతకంటే నిజాయితీ గల బోర్డు ఇంతవరకు ఎవరూ రాయలేదు.

బావకీ, బావలాంటి ప్రయాణికులందరికీ ఒకటే మనవి. అమెరికా వెళ్ళండి, లోయలు చూడండి, లోయ అంచున పులిహోర తినండి, ఆకులు మాత్రం అక్కడ పారెయ్యకండి. వరస ఒక్కటి మార్చుకోండి. ముందు ఎర్రమట్టి దిబ్బలు చూసి, తర్వాత వీసాకి పెట్టుకోండి. గ్రాండ్ కాన్యన్‌ని 1919లో జాతీయ పార్కు చేసి కాపాడుకుంటున్నారు, మీ మునిమనవడు వెళ్ళినా అక్కడే ఉంటుంది. మన దిబ్బలకి ఆ పూచీ ఎవరూ రాసివ్వలేదు.