చెవి పండితుడు

మైకేల్ జాక్సన్ అభిమానుల్లో చెవి పండితుడిది ప్రత్యేక శాఖ. 'బిల్లీ జీన్' బాగుంటుందని ఎవరైనా నోరు జారారో, "ఏది బాగుంది? పాటా, వీడియోనా? ముందు అది తేల్చండి" అని అడ్డం పడతాడు. ఆయన దృష్టిలో పాటంటే నిర్మాత క్విన్సీ జోన్స్ స్టూడియోలో తీర్చిన శబ్దం. వీడియో అంటే చెవుల్లేని వాళ్ల కాలక్షేపం. శబ్దాన్నయినా ఊరికే విననివ్వడు, గదులు కట్టి తాళాలేస్తాడు. 'బీట్ ఇట్'లో గిటారు సోలో రాక్ గిటారిస్టు ఎడ్డీ వాన్ హేలెన్‌ది కాబట్టి అది రాక్. 'బిల్లీ జీన్' ఆర్ అండ్ బీ. 1991 నాటి 'బ్లాక్ ఆర్ వైట్' దగ్గరికొచ్చేసరికి రాక్ గిటారు మధ్యలో ర్యాప్ దూరి కూర్చుంటుంది. అప్పుడు ఆయనకి దగ్గొస్తుంది, మంచినీళ్లు అడుగుతాడు.

ఈ మడి ఏపాటిదో తెలియాలంటే ఆయన కాళ్లు చూడాలి. 'బిల్లీ జీన్' బేస్ మొదలవగానే నోరు శబ్దశాస్త్రం చెబుతూనే ఉంటుంది, మడమ మాత్రం మెల్లగా లేచి వెనక్కి జారుతుంది. మూన్‌వాక్ రికార్డులో లేదే! 1983లో మోటౌన్ రికార్డు కంపెనీ పాతికేళ్ల పండగ టీవీలో వచ్చినప్పుడు, ఇదే పాటకి జాక్సన్ దాన్ని జనానికి మొదటిసారి చూపించాడు. చెవిలోంచి మడమలోకి నరం ఉన్నట్టు ఏ వైద్యుడూ చెప్పలేదు గనక, పండితుడు ఎప్పుడో తలుపేసుకుని చూసే ఉండాలి. మంచి పనే చేశాడు. చూడనివాడికి పాట కూడా సగమే తెలుస్తుంది. 'థ్రిల్లర్' పాట రికార్డులో ఆరు నిమిషాల్లోపే. అందులో చరణం, పల్లవి వంతులవారీగా వస్తాయి. 1983 చివర్లో వచ్చిన, జాన్ లాండిస్ తీసిన వీడియో దాదాపు 14 నిమిషాలు. సినిమా హాల్లోంచి బయటికొచ్చి, అమ్మాయి చుట్టూ తిరుగుతూ, జాక్సన్ చరణాలన్నీ వరసగా పాడేస్తాడు. పల్లవిని మాత్రం దాచిపెట్టి, శవాలు లేచి ఆట సగమయ్యాక వదులుతాడు. అంతసేపు ఆగిన పల్లవి పడే దెబ్బే వేరు. పాట కూర్పునే మార్చిన దాన్ని పైమెరుగు అంటే ఎలా?

"వీడియోకి డబ్బు పోస్తే ఏ పాటైనా నిలబడుతుంది" అన్నది ఆయన గట్టి వాదన. జాక్సన్ 'స్క్రీమ్' వీడియో సెట్లు చూస్తే కొంత ఒప్పుకోవాల్సిందే. కానీ 'బిల్లీ జీన్' వీడియోలో గుర్తుండేది కాలు పడ్డచోట వెలిగే పలక, అంటే కళ్లకి కనబడే తాళం. 1996లో దర్శకుడు స్పైక్ లీ 'దే డోంట్ కేర్ అబౌట్ అస్' కోసం బ్రెజిల్‌లోని సాల్వడార్ వీధుల్లోకి వెళ్లి ఓలోడుం డప్పుల బృందాన్ని జాక్సన్ చుట్టూ నిలబెట్టాడు. వీడియో చూడనన్న పండితుడి చెవులు ఆ డప్పుల మోతకే నోచుకోలేదు! 'దొంగ' (1985)లో చిరంజీవి 'గోలీమార్' ప్రస్తావన వస్తే మాత్రం "'థ్రిల్లర్' వీడియోకి కాపీ" అని పకపకా నవ్వుతాడు. కాపీయే, కాదన్నదెవరు? వీడియో చూడనివాడు ఆ శవాల్ని ఎలా పోల్చుకున్నాడన్నదే సందేహం.

అన్ని దారులూ మూసుకుపోతే ఆఖరి అస్త్రం తీస్తాడు: "అసలు 'థ్రిల్లర్' వినాల్సింది ఎల్పీ మీద." అలాగే విందాం. ఆ ఎల్పీ తిరుగుతున్నంతసేపూ ఆయన అట్ట ఒళ్లో పెట్టుకుని, తెల్ల సూటులో ఒరిగిన జాక్సన్‌నీ, మడత విప్పితే బయటపడే పులిపిల్లనీ రెప్ప వెయ్యకుండా చూస్తుంటాడు.