బ్యాక్‌ప్యాక్ బావ

ఈమధ్య ఇంటికొకడు ఇలాంటివాడు తయారవుతున్నాడు. మా ఇంట్లో ఆ పదవి మా అక్క మొగుడిది, కాబట్టి నాకు బావ. మీ ఇంట్లో మరిదో, మేనల్లుడో, ఎదురు ఫ్లాటు కుర్రాడో అయివుంటాడు. గుర్తుపట్టడం సులువే. వీపు మీద నలభై లీటర్ల సంచి. దాని వెనక ఆరీ ఆరని తువ్వాలు, ఒక స్టీలు గ్లాసు, జత హవాయి చెప్పులు వేలాడుతుంటాయి. అడుగు వేసినప్పుడల్లా గ్లాసు బకిల్‌కి తగిలి టంగుమంటుంది. రైల్వే ప్లాట్‌ఫారం మీద మనకి కనబడక ముందే వినబడతాడు. ముఖంలో మాత్రం చెప్పలేనంత తృప్తి. పక్కసీటువాడు అదే టికెట్టుకి తనకన్నా పదకొండు వందలు ఎక్కువ పోశాడని అప్పుడే కూపీ లాగాడు మరి.

వీడికి ఊరంటే చూసేది కాదు, గిట్టేది. "హనోయ్‌లో చూడ్డానికి ఏమున్నాయి బావా?" అంటే విసుక్కుంటాడు. "రోజుకి ఎంతలో తేలింది?" అని అడిగి చూడండి. కుర్చీ ముందుకి జరుపుకుంటాడు. ఫోను తీస్తాడు. అందులో ఒక ఎక్సెల్ షీటు. మంచినీళ్ళ సీసా దగ్గర్నుంచి బస్టాండు మరుగుదొడ్డి దగ్గర ఇచ్చిన చిల్లరదాకా అందులోకి ఎక్కని పైసా లేదు. పెళ్ళిళ్ళలో పట్టుకుని టూరు ఫోటోలు చూపించేవాళ్ళ బారిన మనమందరం పడ్డవాళ్ళమే. మా బావ బారిన పడితే షీటు చూడాలి. అది కూడా కింద మొత్తం వచ్చేదాకా వదలడు.

బావ ప్రపంచపటమే వేరు. అందులో స్విట్జర్లాండ్ ఉండదు. పారిస్ ఉన్నచోట ఖాళీ జాగా. కఠ్మాండూ, హనోయ్, కోల్‌కతా, కాశీ, అమృత్‌సర్ మాత్రం ఒక్కొక్కటీ ఖండమంత ఉంటాయి. "లండన్‌లో ఏముందిరా బామ్మర్దీ, ఆ కోహినూరు కూడా మన కొల్లూరు గనిలోదే కదా" అని ఒక దేశాన్ని ఒక్క మాటతో కొట్టిపారేస్తాడు. కొల్లూరుకైనా వెళ్ళాడా అంటే లేదు. అటు ఆఫర్లేమీ పెట్టలేదుట.

ప్రయాణం ముందురోజు వాళ్ళింటికి వెళ్ళకపోవడం మంచిది. చౌక విమానాల్లో చేతిసంచి 7 కిలోలు దాటకూడదు, లగేజీకి వేరే డబ్బు కట్టడం బావ ఇంటా వంటా లేదు. తలుపు గడియకి స్ప్రింగు త్రాసు తగిలించి, దానికి సంచి వేలాడదీసి, కళ్ళజోడు సర్దుకుంటూ ముల్లు చూస్తాడు. ఏడు కిలోల నాలుగొందలు. దువ్వెన బయటికి. ఏడు మూడొందలు. టూత్‌పేస్టు సగం నొక్కి గిన్నెలోకి. చివరికి సంచి బరువు తగ్గేసరికి బావ బరువు పెరుగుతుంది. రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు, పైన జాకెట్టు, జాకెట్టు జేబుల్లో చార్జర్లు, కందిపొడి డబ్బా, జంతికలు. మే నెల ఉక్కలో ఆ వేషంతో ఎయిర్‌పోర్టులో అడుగుపెడితే ఎవరైనా అనుమానించాల్సిందే.

ఒకసారి అనుమానించారు కూడా. సెక్యూరిటీ ట్రేలో గోంగూర పచ్చడి సీసా బయటపడింది. నూనె తేలుతోంది, చేతిసంచిలో కుదరదు, పక్కనున్న చెత్తడబ్బాలో పడేయమన్నారు. పడేయడమా! మా అక్క ఏడాదికోసారి పెట్టే పచ్చడి అది. బావ పక్కకి జరిగి, చెప్పులు విడిచి, బాసింపట్టు వేసుకుని, దారిలో తిందామని కట్టించుకున్న చపాతీలు విప్పాడు. క్యూలో ఉన్న జనమంతా చూస్తుండగా సీసా అడుగు గీకి మరీ పూర్తి చేసి, ఖాళీ సీసా ఆ అధికారికి చూపించాడు. విమానంలో దారిపొడుగునా ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగి ఉంటాడో నేను ఊహించగలను. ఆ చౌక విమానంలో నీళ్ళూ కొనుక్కోవాలి. ఆ ఖర్చు మాత్రం షీటులో 'ఇతరములు' కిందికి వెళ్ళింది.

అన్నట్టు ఆ విమానం తెల్లవారుజామున మూడింటికి. ఎప్పుడూ అంతే. మనుషులు లేచే వేళకి బయల్దేరే విమానం ఖరీదెక్కువ. ఆ వేళ కాని వేళలో టికెట్టు మీద మిగిల్చింది తొమ్మిది వందలు. కూకట్‌పల్లి నుంచి శంషాబాద్‌కి అర్ధరాత్రి క్యాబు పన్నెండు వందలు. ఎయిర్‌పోర్టుకి ఆర్టీసీ పుష్పక్ బస్సు ఉంది కదా బావా అంటే, "నిద్రమొహంతో బస్సేమిట్రా" అన్నాడు. హనోయ్‌లో దిగాక మాత్రం సిటీ బస్సే ఎక్కుతాడు, నిలబడి.

హనోయ్ పేరెత్తితే చాలు, ఈయనకి కోటీశ్వరుడి హోదా వచ్చేస్తుంది. మన ఒక రూపాయికి వాళ్ళ డాంగ్‌లు మూడొందల దాకా వస్తాయి. పది పన్నెండు వేల రూపాయలు మారిస్తే చేతిలో ముప్ఫై లక్షలు. పాతబస్తీలో పేవ్‌మెంటు మీద, మన ఎల్‌కేజీ పిల్లలు కూర్చునేంత ప్లాస్టిక్ స్టూళ్ళు వేసి, 'బియా హోయ్' అని అప్పటికప్పటి బీరు గ్లాసుల్లో పోసి అమ్ముతారు. నిలవ ఉండదు, ఆ రోజుది ఆ రోజే. బావ మందు ముట్టడు. కానీ గ్లాసు మన డబ్బుల్లో నలభై యాభైకి మించదని తెలిశాక, ముట్టకపోవడం నష్టంగా తోచింది. మోకాళ్ళు చెవులదాకా వచ్చేలా ఆ స్టూలు మీద కూర్చుని తీయించుకున్న ఫోటో మా అత్తయ్యగారు చూశారు. ఆవిడకి గ్లాసు కనబడలేదు. "పాపం, కుర్చీ కూడా లేని దేశానికి వెళ్ళాడా నాయన!" అని బాధపడ్డారు.

ఈ జాతి ఇవాళ్టిది కాదు. 1960ల్లో, 70ల్లో యూరప్ నుంచి హిప్పీలు ఇస్తాంబుల్, టెహ్రాన్, కాబూల్, ఢిల్లీల మీదుగా బస్సుల్లో, వ్యాన్లలో పడి కఠ్మాండూ చేరేవాళ్ళు. వాళ్ళు మకాం వేసిన వీధిని ఇప్పటికీ ఫ్రీక్ స్ట్రీట్ అనే అంటారు. 1979లో ఇరాన్‌లో విప్లవం, అఫ్గానిస్థాన్‌లో యుద్ధం వచ్చి ఆ దారి మూసుకుపోయింది. అంతకుముందే టోనీ వీలర్, మౌరీన్ వీలర్ అనే భార్యాభర్తలు లండన్ నుంచి అలా బయల్దేరి ఆస్ట్రేలియా చేరేసరికి ఇద్దరి దగ్గరా కలిపి మిగిలింది 27 సెంట్లుట. ఎలా వచ్చారని అందరూ అడుగుతుంటే 1973లో ఒక చిన్న పుస్తకం వేశారు. లోన్లీ ప్లానెట్ అలా పుట్టింది. ఈ కథ చెబితే బావ కాసేపు ఆలోచించి, "27 సెంట్లు మిగిలాయంటే ఇంకో రోజు ఉండొచ్చుగా" అన్నాడు.

కఠ్మాండూకి నేనూ వెంట వెళ్ళాను కాబట్టి, అక్కడి విషయం షీటులో ఎలా ఉన్నా నా దగ్గర వేరే రికార్డు ఉంది. నేపాల్‌లో మన వంద వాళ్ళ నూట అరవై. 1993 నుంచీ అదే మారకం. కొట్లలో మన నోట్లూ తీసుకుంటారు. అందుకని ధర చెప్పాక ఐసీనా, ఎన్సీనా అని ఒక ప్రశ్న ఉంటుంది. ఇండియన్ కరెన్సీనా, నేపాలీ కరెన్సీనా అని.

థమేల్ సందులో ఒక శాలువా దుకాణం. ఎనిమిది వందలన్నాడు కొట్టువాడు. బావ నవ్వాడు. ఆ నవ్వు నాకు తెలుసు, మోండా మార్కెట్లో కూరగాయలవాళ్ళకీ తెలుసు. రెండొందలన్నాడు. కొట్టువాడు శాలువా మడత పెట్టాడు. బావ మెట్టు దిగాడు. కొట్టువాడు పిలిచాడు. బావ వెనక్కి తిరిగాడు గానీ మెట్టు ఎక్కలేదు. ఇలా మెట్టు ఎక్కుతూ దిగుతూ అరగంట గడిచింది. మధ్యలో టీ వచ్చింది, అది కొట్టువాడి ఖర్చు. చివరికి ఐదు వందలకి బేరం తెగింది. బావ మహదానందంగా పర్సు తీశాడు. కొట్టువాడు మర్యాదగా, "ఐసీ?" అన్నాడు. మన దేశం పేరు వినబడేసరికి బావ ఛాతీ విరుచుకుని "ఐసీ, ఐసీ!" అంటూ గాంధీ బొమ్మ ఉన్న వంద నోట్లు ఐదు లెక్కపెట్టి ఇచ్చాడు.

ఐదు వందల ఐసీ అంటే ఎనిమిది వందల ఎన్సీ. కొట్టువాడు మొదట చెప్పిన ధర, పైసా తేడా లేకుండా. నన్ను చూసి అతను చిన్నగా కన్నుకొట్టాడు. బావ షీటులో ఆ రోజు 'ఆదా: 300' అని పచ్చరంగులో ఉంది. ఇంతవరకూ నేను చెప్పలేదు. పచ్చగా ఉన్న గడిని ఎర్రగా చెయ్యడానికి నాకు మనసొప్పదు.

రాత్రి బస హాస్టల్ డార్మిటరీలో. ఎనిమిది మంచాలు, కిందా పైనా. పైమంచం యాభై తక్కువ కాబట్టి మాకు పైమంచం. నిచ్చెన ఎక్కేటప్పుడు బావ మోకాలు ఒక తెలుగు మాట అంటుంది, రాయలేను. కింద మంచం మీది జర్మన్ కుర్రాడికి కందిపొడి ఇచ్చి, నెయ్యి లేకుండా దీన్ని తింటే పాపమని ఇంగ్లీషులో నచ్చచెప్పాడు. ఆ కుర్రాడు దాన్ని బ్రెడ్డు మీద జల్లుకుని తిని, రెసిపీ రాసుకున్నాడు. పొద్దున్న వెళ్ళిపోతూ ఒక ఇన్‌స్టంట్ కాఫీ ప్యాకెట్టు ఇచ్చిపోయాడు. ఫైవ్‌స్టార్ హోటల్లో పక్కగదివాడి ముఖమైనా చూస్తామా? ఈ ఒక్క విషయంలో నేను బావ పక్షమే.

ఇంకో విషయంలో కూడా, నిజం చెప్పాలంటే. కోల్‌కతా. నేను అంతకుముందు అక్కడికి ఆఫీసు పనిమీద వెళ్ళి, ఏసీ కారులో తిరిగి, రసగుల్లా డబ్బాతో వచ్చేశాను. బావ వెంట వెళ్తే హుగ్లీ నదిని మూడు రకాలుగా దాటించాడు. 1943 నుంచీ జనాన్ని మోస్తున్న హౌరా వంతెన మీద నడిచి అటు వెళ్ళాం. పూలబజారు గంపలు నెత్తిన పెట్టుకున్న కూలీలు "తప్పుకో" అని బెంగాలీలో కసురుతుంటే తప్పుకుంటూ. వంతెనలో నట్లూ బోల్టులూ లేవు, అన్నీ రివెట్లే అని చెప్పి, అదొక పొదుపు కిటుకన్నట్టు తలపంకించాడు. లాంచీలో ఇటు వచ్చాం. మళ్ళీ 2024లో మొదలైన మెట్రోలో, నది అడుగు నుంచి అటు వెళ్ళాం. నదికింద ఉండేది ముప్పావు నిమిషమే. బావ కిటికీకి ముక్కు ఆనించి, నీలం దీపాలు దాటేదాకా ఊపిరి బిగబట్టాడు. అన్నీ కలిపి మనిషికి అయింది మన మియాపూర్‌లో ప్లేటు ఇడ్లీ ఖరీదు లోపే. ఆ నగరం నాకు గుర్తుండిపోయింది ఆ ఇడ్లీ డబ్బులతోనే.

కాశీలోనూ అంతే. మానసరోవర్ ఘాట్ దగ్గరి ఆంధ్రాశ్రమంలో చోటు దొరికితే తెలుగు మాట, చారూ అన్నం. "ఏనుగుల వీరాస్వామయ్య 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, వందమందిని వెంటేసుకుని పల్లకీలో వెళ్ళాడు. అంతమందికి తిండి! నేనైతే ఒక్కణ్ణే, స్లీపర్‌లో" అని ఆయనతో పోటీ పెట్టుకుంటాడు. ఆ మహానుభావుడు తిరిగొచ్చి 'కాశీయాత్ర చరిత్ర' మిగిల్చాడు. మనవాడు మిగిల్చింది షీటు.

అమృత్‌సర్‌లో మాత్రం ఆ షీటు తడబడింది. స్వర్ణదేవాలయం లంగర్‌లో ఎవరైనా వరసలో నేలమీద కూర్చోవచ్చు, రెండు చేతులూ చాపితే రొట్టె పెడతారు, డబ్బు అడగరు. బేరమాడ్డానికి ఎవరూ లేరు. బావకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. తిన్నాక బయటికొచ్చి, పళ్ళేలు కడిగేచోట ఎవరో జరిగి చోటిస్తే, పొడుగాటి తొట్టి ముందు నిలబడి గంటసేపు కడిగాడు. షీటులో ఆ పూటకి 'భోజనం: 0' అని ఉంది, పక్కన 'పళ్ళేలు: 1 గం.' అని. ఇంట్లో తను తిన్న కంచం కూడా తీయడని మా అక్క ఆ గడిని ఫోటో తీసి పెట్టుకుంది.

మా అక్క ఒకే ఒక్కసారి ఆయనతో వెళ్ళింది. ఎక్కడికని అడిగితే ఇప్పటికీ ఊరి పేరు చెప్పదు, "ఆ బాత్రూముకి" అంటుంది. కారిడార్ చివర, పన్నెండుమందికి ఒకటి. ఆ తర్వాత నుంచి ఆవిడ కాలనీ ఆడవాళ్ళతో కలిసి, వంటవాణ్ణీ, సాంబారు పొడినీ వెంట తీసుకెళ్ళే టూర్ల వాళ్ళతో వెళ్తోంది. "మీరు చూసేది దేశాన్నా, సాంబారునా?" అని బావ వెక్కిరింత. "మీరు చూసేది దేశాన్నా, చిల్లరనా?" అని అక్క.

ఇంతా చేసి ఆ సంచి ఖరీదు పద్దెనిమిది వేలు. వానకి తడవని జాకెట్టు తొమ్మిది. తలకి కట్టుకునే కెమెరా సంగతి అక్క ముందు ఎత్తకూడదు. ఇవేవీ షీటులోకి రావు, 'పెట్టుబడి' అంటాడు. పరాయి ఊళ్ళో రోడ్డుపక్క తిండి వెతుక్కుంటూ మైళ్ళు నడిచే మనిషి, మా వీధి చివర కార్పొరేషన్ వాళ్ళ 5 రూపాయల భోజనం దగ్గర ఒక్కనాడూ ఆగలేదు. అడిగితే, "అది లేనివాళ్ళదిరా" అన్నాడు. ఆ మాట అన్నప్పుడు మాత్రం బావ నాకు తెలివైనవాడుగా కనబడ్డాడు. చౌకగా తిరగడం సరదా అయ్యేది ఉన్నవాళ్ళకేనని ఆయనకీ తెలుసు.

కాబట్టి మీ ఇంటి బ్యాక్‌ప్యాక్ బావని తీసిపారేయకండి. ఏ ఊరికైనా వెళ్ళేముందు ఒక గంట కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, బస్సు నంబర్లూ లాంచీ రేవులూ రాయించుకోండి. ఏ గూగులూ అంత ఓపిగ్గా చెప్పదు. గది మాత్రం మీరే బుక్ చేసుకోండి, బాత్రూము లోపలున్నది. కఠ్మాండూకి విమానంలో వెళ్తే పాస్‌పోర్టు గానీ, ఓటరు కార్డు గానీ పట్టుకెళ్ళండి, పదిహేనేళ్ళ లోపు, అరవై ఐదేళ్ళు దాటిన వాళ్ళకి తప్ప ఆధార్ చెల్లదు. కొట్లో ధర చెప్పగానే, నవ్వడానికి ముందే, ఐసీనా ఎన్సీనా అని అడగండి.