జాతరకు ముందు ట్రాక్టర్‌ వైరింగ్: ఖర్చు లేని చిట్కాలు

మార్గశిరంలో మల్దకల్ తిమ్మప్ప జాతర. ఊళ్లకు ఊళ్లు ట్రాక్టర్లెక్కి వస్తుంటే మీ బండి మాత్రం గుడ్డిదీపం వేసుకొని మూగగా పోతే పరువేముంటుంది? రెండు ఫోకస్ లైట్లు, ఒక ఆంప్లిఫయర్, రెండు బాక్సులు, పాట పాడే హారన్, ట్రాలీ చుట్టూ రంగు బల్బులు. ఇంతకు తగ్గొద్దు. గద్వాల పోయి ఎలక్ట్రీషియన్ ముందు కూర్చుంటే ఒక పూట పాడు. ఒక బ్లేడు, ఒక టేపు చుట్ట తీసుకొని మీరే కానివ్వండి.

1. వైరు కొనకండి. పాడైన టేబుల్ ఫ్యాను వైరు అటక మీద ఉండనే ఉంది. 100 వాట్ల లైట్లు రెండు కలిసి 12 వోల్టుల బ్యాటరీ నుంచి దాదాపు 17 ఆంపియర్లు లాగుతాయని, దానికి మందపు వైరు కావాలని షాపాయన చెప్తాడు. వైర్లు అమ్ముకునే మనిషి ఇంకేం చెప్తాడు?

2. ఫ్యూజు మాటిమాటికి పోతుందా? కారణం వెతకడం తెలివితక్కువ పని. 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు పీకేసి 30 ఆంపియర్ల ఆకుపచ్చది గుచ్చండి. అదీ లేకపోతే సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి పెట్టండి. వైరు కాలకముందే ఫ్యూజు తెగాలని కంపెనీ లెక్క. మన లెక్కలో ముందు వైరే కాలుతుంది, ఫ్యూజు మాత్రం కొత్తదానిలా మిగులుతుంది. ఎంత పొదుపు!

3. రిలే దండగ. కరెంటంతా స్విచ్‌లోంచే పోనివ్వండి. స్విచ్ వేడెక్కితే మంచిదే, డిసెంబరు చలిలో వేళ్లు కాచుకోవచ్చు.

4. జాయింటు అంటే రెండు కొసలు మెలేసి టేపు చుట్టడమే. సైలెన్సర్ వేడికి ఆ టేపు జిగురు కారి, మెల్లగా విప్పుకొని వేలాడుతుంది. వేలాడనివ్వండి. రేకుకు బొక్క కొట్టి వైరు దూర్చినప్పుడు అంచుకు రబ్బరు వాషర్ వేయకండి. దుక్కిలో బండి అదిరినప్పుడల్లా ఆ అంచు వైరు పైతొడుగును కోసుకుంటూ పోతుంది, మళ్లీ బ్లేడుతో పనుండదు. డీజిల్ పైపు ఎటు పోతే వైరునూ అటే కట్టండి, దారి వెతికే బాధ తప్పుతుంది.

5. ఎర్త్ వైరును రంగు గీకకుండా ఏదో ఒక బోల్టుకు చుట్టేయండి. బ్రేకు తొక్కితే ఇండికేటర్ వెలుగుతుంది. మీరు ఎటు తిరుగుతారో వెనకవాడు సోది అడిగి తెలుసుకుంటాడు.

6. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఆంప్లిఫయర్‌ను తాళంచెవితో సంబంధం లేకుండా నేరుగా బ్యాటరీకి కలపండి. రాత్రంతా పాటలు మోగుతాయి. తెల్లారి సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంటుంది. ఇంక పత్తి చేనుకు పోయే పనేముంది? మీరు సీట్లో కూర్చోండి, తోసేవాళ్లు తోస్తారు. "బ్యాటరీ డౌనైందిరా అన్నా, ఏం జేయాలె" అని నీరసంగా అంటే ఆ పూట పనికి సెలవే. వారంలో మూడుసార్లు నడుస్తుంది. నాలుగోసారి వాళ్లు మిమ్మల్ని చూసి సందు మారుస్తారు, కాబట్టి పక్క వీధిలోనూ స్నేహాలు పెంచుకోండి.

7. రకరకాల స్వరాలు పలికే హారన్ బండికి పెట్టొద్దని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో ఉంది. ఎస్సై ఆపితే "పాత ఓనర్ పెట్టించిండు సార్" అనండి. బండి కొత్తదైతే "షోరూంలోనే ఇచ్చిండ్రు" అనండి.

8. ఒకరోజు గడ్డి లోడుతో వస్తుంటే బానెట్ కింద పొగ లేస్తుంది. బ్యాటరీ వైరు పీకడానికి పరుగెత్తకండి, దానికి పానా కావాలి, అది ఇంట్లో ఉంది. ముందు ఫోన్ తీసి వీడియో పట్టండి. ఊరి గ్రూపులో అందరికన్నా ముందు మీదే ఉండాలి. ఇన్సూరెన్సు మనిషి వచ్చేలోపు ఎలుకలు కొరికాయన్న మాట ఊళ్లో పాకించండి. ఆయన టేపు చుట్టిన జాయింట్లను, వెండి కాగితాన్ని వేలితో చూపిస్తే "మాకు తెల్వదు సార్, మా బామ్మర్ది చేసిండు" అనేయండి. బామ్మర్ది అప్పటికి హైదరాబాద్ బస్సెక్కి ఉండాలి. ఛార్జీలు మీరే పెట్టుకోండి, ఈ మొత్తం పనిలో చేతి నుంచి పడే ఖర్చు అదొక్కటే.